ఇమ్యునోథెరపీ మధ్యలో విరేచనాలు: ఇంట్లో ఆగొచ్చా, ఆసుపత్రికి వెళ్లాలా?

తెనాలి_అమ్మాయి అడిగిన ప్రశ్న

నాన్నకి 63 ఏళ్లు, బరువు 60 కిలోలు. అరికాలి మీద మచ్చ మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) అని తేలింది. గజ్జల్లో గడ్డలకీ, ఊపిరితిత్తులకీ పాకింది. హైదరాబాద్‌లో ఇపిలిముమాబ్, నివోలుమాబ్ రెండూ కలిపి మూడు వారాలకోసారి ఎక్కిస్తున్నారు. రెండో డోసు అయి ఇవాళ్టికి 12 రోజులు.

మూడు రోజులుగా మోషన్లు. మామూలుగా రోజుకి ఒక్కసారి వెళ్లే మనిషి, మొన్న 4 సార్లు, నిన్న 6 సార్లు. రాత్రి రెండుసార్లు లేచారు. రక్తం లేదు, కాస్త జిగట ఉంది. జ్వరం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు లోపరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర), ఒక యాంటీబయాటిక్ ఇచ్చారు. ఇవాళ రెండుసార్లే అయింది, కానీ పొత్తికడుపు పట్టేసినట్టు ఉందంటున్నారు. అమ్మేమో "కీమో కదా, ఇలాగే ఉంటుందిలే" అంటోంది. హైదరాబాద్‌కి ఫోన్ చేస్తే తర్వాతి డోసు ఆపేస్తారని నాన్న భయం.

ఏ లక్షణానికి ఇంట్లో ఆగొచ్చు, దేనికి వెంటనే బయల్దేరాలి? ఇంట్లో ఏమేం రాసి పెట్టుకోవాలి? స్టెరాయిడ్ ఇస్తే అసలు మందు పనిచేయకుండా పోతుందంటున్నారు, నిజమేనా?

డేకేర్_సిస్టర్ (క్యాన్సర్ వార్డు నర్సు)

ముందు ఫోన్ చేయండమ్మా, మిగతాది తర్వాత చదవండి. ఇవాళే, ఇప్పుడే. డిశ్చార్జి కాగితం మీద డేకేర్ నంబరు ఉంటుంది. రాత్రయితే ఆసుపత్రి ఎమర్జెన్సీకి చేసి డ్యూటీ ఆంకాలజీ డాక్టర్‌ని అడగండి.

ఎందుకంత తొందర అంటే, మేం లెక్కపెట్టేది రోజుకి ఎన్నిసార్లు అని కాదు, మామూలు కంటే ఎన్నిసార్లు ఎక్కువ అని. నాలుగు కంటే తక్కువ పెరిగితే మొదటి గ్రేడు (గ్రేడు అంటే తీవ్రత మెట్టు). నాలుగు నుంచి ఆరు పెరిగితే రెండో గ్రేడు. ఏడు, ఆపైన పెరిగితే మూడో గ్రేడు, అంటే అడ్మిషన్. నాన్నగారికి ఒకటి మామూలు, నిన్న ఆరు. ఐదు పెరిగినట్టు. అంటే నిన్ననే రెండో గ్రేడులో ఉన్నారు. రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లడం, జిగట పడటం, పొత్తికడుపు పట్టేయడం మూడూ పేగు లోపలి పొర వాచిందని అనుమానించాల్సిన గుర్తులే.

ఇవాళ రెండుసార్లే అయిందని ఊరట పడొద్దు. లోపరమైడ్ పేగు కదలికని తగ్గిస్తుంది గానీ వాపుని తగ్గించదు. అంటే లెక్క తగ్గుతుంది, జబ్బు లోపల పెరుగుతూనే ఉంటుంది. మోషన్లు తగ్గి కడుపు ఉబ్బినా, గట్టిపడినా, నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా పేగుకి చిల్లు పడే ప్రమాదం ఉందని అర్థం. అలాంటప్పుడు ఫోన్ కూడా కాదు, 108 పిలిచి నేరుగా సర్జన్, సీటీ స్కాన్ రెండూ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. లోపరమైడ్ డాక్టర్ చెప్పేదాకా ఇక వేయకండి.

ఫోన్లో ఇలా చెప్పండి: మందుల పేర్లు రెండూ, ఎన్నో డోసు, ఏ తేదీన ఎక్కించారు, మామూలు లెక్క, నిన్నటి లెక్క, రాత్రి ఎన్నిసార్లు, రక్తం లేదా జిగట, ఒంటేలు ఎన్నిసార్లు ఎంత ముదురు రంగులో వస్తోంది, ఏ మాత్ర ఎన్ని వేశారు. "కొంచెం మోషన్స్ అవుతున్నాయి" అంటే అవతలి వాళ్లకి ఏమీ తెలియదు. మగవాళ్లు చాలామంది లెక్క తగ్గించి చెబుతారు కాబట్టి బాత్రూమ్ తలుపు వెనక ఒక కాగితం అంటించి పెన్ను కట్టండి. వెళ్లిన ప్రతిసారీ ఒక గీత.

ఇంకొకటి, మీ అమ్మగారికి మెల్లగా చెప్పండి: ఇది కీమో కాదు. సెలైన్ సీసాలాగే ఎక్కిస్తారు కాబట్టి అందరూ కీమో అనే అంటారు. ఆ ఒక్క మాట వల్ల కొత్త డాక్టర్ కూడా పొరబడతారు. కీమో విరేచనాలకి లోపరమైడ్ ఇవ్వడం మామూలే. దీనికి మాత్రం ముందు వాపు ఉందో లేదో తేల్చాలి.

అరికాలు_డాక్టర్ (మెడికల్ ఆంకాలజిస్ట్)

సిస్టర్ గారి మాటే నాదీ. కారణం తెలిస్తే మిగతా లక్షణాలు కూడా మీకే అర్థమవుతాయి కాబట్టి అది చెబుతాను.

మన రోగనిరోధక కణాలకి సహజంగా బ్రేకులుంటాయి. ఇపిలిముమాబ్ ఒక బ్రేకునీ, నివోలుమాబ్ ఇంకో బ్రేకునీ తీసేస్తాయి. ఈ బ్రేకులు తీసి క్యాన్సర్‌కి చికిత్స చేయొచ్చని కనుక్కున్నందుకే జేమ్స్ ఆలిసన్‌కీ, తసుకు హోంజోకీ 2018లో నోబెల్ వచ్చింది. బ్రేకు తీసిన కణాలు క్యాన్సర్ మీద పడతాయి, ఒక్కోసారి సొంత అవయవాల మీదా పడతాయి. పేగు, కాలేయం, ఊపిరితిత్తి, థైరాయిడ్, పిట్యూటరీ (మెదడు కింద ఉండే హార్మోన్ గ్రంథి), గుండె, కండరం, కిడ్నీ, చర్మం, కన్ను, దేన్నీ వదలవు. రెండు మందులూ కలిపి ఇచ్చినప్పుడు సగానికి పైగా రోగుల్లో మూడో గ్రేడు లేదా అంతకు మించిన సైడ్ ఎఫెక్ట్స్ కనిపిస్తాయి. ఒక్క నివోలుమాబ్ అయితే ఇది చాలా తక్కువ. కాబట్టి నాన్నగారి మందులకి "ఏదైనా రావచ్చేమో" అనుకోకూడదు, "ఏదో ఒకటి వస్తుంది, త్వరగా పట్టుకోవాలి" అనుకోవాలి.

సమయం కూడా ఒక ఆధారమే. చర్మం మీద దద్దుర్లు మొదటి కొద్ది వారాల్లో, పేగు వాపు 5 నుంచి 10 వారాల మధ్య, కాలేయం, హార్మోన్ గ్రంథులు ఇంకాస్త తర్వాత. నాన్నగారు ఇప్పుడు అయిదో వారంలో ఉన్నారు. అయితే ఇవి సగటు లెక్కలు. మందు ఆపేసిన నెలల తర్వాత, ఏడాది తర్వాత కూడా కొత్తగా మొదలైన కేసులున్నాయి. "చికిత్స అయిపోయిందిగా" అని ఆ కాగితాలు అటక మీద పడేయకండి.

పేగు విషయంలో ఆసుపత్రిలో జరిగేది ఇది: మోషన్ పరీక్ష (అమీబా, సి.డిఫిసిల్ లాంటి ఇన్ఫెక్షన్లు ఉన్నాయేమోనని), రక్తంలో సోడియం, పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), ఎల్ఎఫ్‌టీ (కాలేయ పరీక్ష), థైరాయిడ్. నొప్పి ఉంది కాబట్టి పొట్ట సీటీ. వీలైతే చిన్న కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు చూడటం) చేసి పరీక్షకి ముక్క తీస్తారు. రెండో గ్రేడుకి ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ మాత్ర) కిలోకి అర నుంచి ఒక మిల్లీగ్రాము, అంటే 60 కిలోల మనిషికి రోజుకి 30 నుంచి 60 మి.గ్రా. మూడో గ్రేడుకి మిథైల్ ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్ ఇంజెక్షన్) కిలోకి 1 నుంచి 2 మి.గ్రా. ఐవీలో. మూడు నుంచి అయిదు రోజుల్లో తగ్గకపోతే ఇన్‌ఫ్లిక్సిమాబ్ (వాపుని అణిచే ఇంకో మందు), కిలోకి 5 మి.గ్రా. ఈ మందు లోపల నిద్రపోతున్న టీబీని లేపుతుంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి స్టెరాయిడ్ మొదలుపెట్టిన రోజే టీబీ పరీక్షకీ, హెపటైటిస్-బి పరీక్షకీ రక్తం పంపించాలి. మూడో రోజు అవసరం పడ్డాక పంపి, రిపోర్టు కోసం ఇంకో మూడు రోజులు కూర్చోవడం నష్టం. మొహమాటపడకుండా గుర్తు చేయండి.

స్టెరాయిడ్ వల్ల మందు పనిచేయదన్న భయానికి: కాంబినేషన్ మొదటి డోసుల్లోనే సైడ్ ఎఫెక్ట్స్ వల్ల ఆపేసిన మెలనోమా రోగుల ఫలితాలు, కొనసాగించిన వాళ్లతో దాదాపు సమానంగానే ఉన్నాయి. బ్రేకులు తీయడమనే పని ఆ రెండు డోసుల్లోనే చాలావరకు జరిగిపోయి ఉండొచ్చు. డోసు పోతుందని లక్షణం దాచిపెడితే పేగు పోతుంది, దాంతో డోసూ పోతుంది.

ఇక మిగతా అవయవాలు. వీటిలో నన్ను అన్నిటికంటే భయపెట్టేది గుండె. గుండె కండరం వాపు అరుదు, కానీ వచ్చినవాళ్లలో ప్రాణనష్టం అన్నిటికంటే ఎక్కువ దీనివల్లే. చాలావరకు మొదటి మూడు నెలల్లో, ఒక్కోసారి మొదటి డోసు తర్వాతే వస్తుంది. ఛాతీ నొప్పి ఉండాలనేం లేదు. మెట్లెక్కితే కొత్తగా ఆయాసం, గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్ల వాపు. దీనికి తోడు వచ్చే ఇంకో గుంపు ఉంది: కనురెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగుతుంటే పొలమారడం, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవలేకపోవడం, మెడ నిలబడకపోవడం. "నీరసం వల్ల రెప్పలు వాలుతున్నాయి" అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కాదు. కండరం, నరం కలిసే చోట దెబ్బ అది, గుండెతో పాటు జంటగా వస్తుంది, శ్వాస కండరాలూ ఆగిపోవచ్చు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి. అక్కడ ఈసీజీ, ట్రోపోనిన్, సీపీకే (గుండె, కండరం దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్షలు) అడగండి. అనుమానం బలంగా ఉంటే రోజుకి 1 గ్రాము మిథైల్ ప్రెడ్నిసొలోన్ మూడు నుంచి అయిదు రోజులు ఇస్తారు. ఎకో నార్మల్‌గా ఉందని ఇంటికి పంపేస్తే ఒప్పుకోకండి. ఎకో బాగున్నా ఈ వాపు ఉండొచ్చు.

రెండోది, ఎవరూ పట్టించుకోనిది పిట్యూటరీ. ఇపిలిముమాబ్‌తో ఎక్కువ. కొత్తగా వదలని తలనొప్పి, మంచం దిగలేనంత నీరసం, అన్నం సయించకపోవడం, నిలబడితే బీపీ పడిపోవడం, సోడియం తగ్గడం. క్యాన్సర్ నీరసమనో, వయసనో వదిలేస్తారు. పొద్దున 8 గంటలకి తీసిన రక్తంలో కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్ హార్మోన్), థైరాయిడ్ చూస్తే తేలిపోతుంది. (అప్పటికే ప్రెడ్నిసొలోన్ వాడుతుంటే కార్టిసాల్ లెక్క నమ్మలేం.) రెండూ తగ్గినప్పుడు ముందు హైడ్రోకార్టిసోన్ (కార్టిసాల్ బదులు ఇచ్చే మందు), ఆ తర్వాతే థైరాక్సిన్ (థైరాయిడ్ మాత్ర). వరుస తప్పి థైరాక్సిన్ ముందు మొదలుపెడితే మనిషి షాక్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది. వాంతులు, బీపీ పడిపోవడం, మగత కలిసి వస్తే 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్ వెంటనే. రిపోర్టు కోసం ఆగరు.

ఊపిరితిత్తులు: పొడి దగ్గు, కొత్త ఆయాసం. పల్స్ ఆక్సీమీటర్ కొనండి. గోళ్ల రంగు తుడిచి, చల్లటి వేలు అయితే రుద్ది వేడి చేసి, అయిదు నిమిషాలు కూర్చున్నాక పెట్టి, అంకె నిలకడ పడ్డాక రాసుకోవాలి. తర్వాత ఇంట్లోనే కాసేపు నడిపించి మళ్లీ చూడండి. నడిస్తే 3, 4 పాయింట్లు పడిపోతే కూర్చున్నప్పటి 96 చూసి సంతోషించడానికి లేదు. ఎక్స్‌రేలో తొలి వాపు కనిపించకపోవచ్చు, సీటీ కావాలి. టీబీ అనో న్యుమోనియా అనో యాంటీబయాటిక్స్ మీద వారాలు గడిపేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు.

షుగర్: ఎప్పుడూ లేని మనిషికి వారం పది రోజుల్లో విపరీతమైన దాహం, గంటకోసారి ఒంటేలు, వాంతులు, గట్టిగా లోతుగా ఊపిరి. క్లోమంలో ఇన్సులిన్ చేసే కణాలే పోయాయన్నమాట. గ్లూకోమీటర్‌లో 250 దాటి, వాంతులు కూడా ఉంటే కీటోన్లు చూడాలి, అడ్మిట్ కావాలి. హెచ్‌బీఏ1సీ మామూలుగా ఉండొచ్చు, ఎందుకంటే అది మూడు నెలల సగటు, ఇది మొన్న మొదలైంది. ఇక్కడ స్టెరాయిడ్ పనికిరాదు. ఇన్సులిన్ కావాలి, అదీ దాదాపు జీవితాంతం.

డేకేర్_సిస్టర్

చర్మం, కాలేయం డాక్టర్ గారు వదిలేశారు, అవి నేను చెబుతాను. మన ఇళ్లల్లో ఎక్కువ తప్పు జరిగేది అక్కడే.

మన రంగు చర్మం మీద దద్దురు ఎర్రగా కనిపించదు. ముదురు గోధుమ రంగులోనో ఊదాగానో ఉంటుంది, చేత్తో తడిమితే వేడిగా, గరుగ్గా తెలుస్తుంది. ఎంత మేర ఉందో కొలవడానికి రోగి అరచేయే కొలబద్ద: వేళ్లతో కలిపి అరచేయి ఒంట్లో దాదాపు ఒక శాతం. పది అరచేతుల లోపు ఉండి, దురద మాత్రమే ఉంటే ఫోన్ చేసి పూత మందు వాడొచ్చు. పది నుంచి ముప్పై అయితే డోసుకి ముందే చూపించాలి. ముప్పై దాటితే ఆగకూడదు.

కొలతతో పని లేకుండా పరుగెత్తాల్సింది ఒకటుంది. నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడి పుసి కట్టడం, మర్మాంగాల దగ్గర మంట, జ్వరం, ఒంటి మీద ముట్టుకుంటే నొప్పి పుట్టే ముదురు మచ్చలు, పొక్కులు, వేలితో రుద్దితే ఉల్లిపొరలా జారే చర్మం. నోట్లో పుండ్లు చూసి "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు, మజ్జిగ ఇస్తారు. పొక్కులు చూసి "అమ్మవారు" అనుకుని వేపాకు వేసి మూడు రోజులు గదిలో పెడతారు. ఆ మూడు రోజుల్లో ఒంటి మీద చర్మం కాలిన గాయంలా ఊడిపోవచ్చు. ఐసీయూ ఉన్న చోటికి అదే రోజు తీసుకెళ్లాలి.

బొల్లిలా తెల్ల మచ్చలు వస్తే మాత్రం కంగారు వద్దు. మెలనోమా రంగు కణాల్లోనే పుట్టే క్యాన్సర్, మందు ఆ కణాల మీద పనిచేస్తోందనడానికి అదొక మంచి గుర్తుగానే చూస్తారు. చూపిస్తే చాలు.

కాలేయానికి వాపు వస్తే మొదట్లో ఏ లక్షణమూ ఉండదు, అందుకే ప్రతి డోసుకి ముందు ఎల్ఎఫ్‌టీ. అందులో ఎస్‌జీపీటీ అనే అంకె మామూలు హద్దుకి మూడు రెట్లు దాటితే డోసు ఆగుతుంది, అయిదు రెట్లు దాటితే పెద్ద మోతాదు స్టెరాయిడ్. కళ్లు పచ్చబడినా, ఒంటేలు డికాషన్ రంగులో వచ్చినా, కుడి డొక్కలో నొప్పి ఉన్నా ఆ రోజే రక్తం ఇవ్వాలి. పసరు మందు పోయించడానికి ఊరు తీసుకెళ్లకండి. ఈ పచ్చదనానికి పసరు ఏమీ చేయదు, పైగా కాలేయం మీద ఇంకో బరువు.

మందుల_షాపు_మాట (క్లినికల్ ఫార్మసిస్ట్)

ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా ఒకసారి తిరగేయండి.

డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు పేగు వాపునీ, కిడ్నీనీ రెండిటినీ చెడగొడతాయి. నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ చాలు, అదీ ఎల్ఎఫ్‌టీ చూసిన డాక్టర్ చెప్పినంతే. పొద్దున్నే పరగడుపున అలవాటుగా వేసే ప్యాంటాప్రజోల్ కూడా చెప్పండి. ఇమ్యునోథెరపీ తీసుకునే వాళ్లలో వచ్చే కిడ్నీ వాపుకీ, ఈ రకం గ్యాస్ మాత్రలకీ ముడి ఉంది. అవసరం ఉంటే డాక్టరే ఉంచుతారు, అవసరం లేకుండా ఏళ్ల తరబడి వాడేది అయితే తీసేస్తారు.

తిప్పతీగ కషాయం ఎవరైనా "ఇమ్యూనిటీకి మంచిది" అని పంపిస్తే పక్కన పెట్టేయండి. రోగనిరోధక శక్తి ఇక్కడ తక్కువై కాదు, అదుపు తప్పే బాధ వస్తోంది. తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశపు డాక్టర్లే 2021లో ప్రచురించారు. రెండూ కలిస్తే ఎస్‌జీపీటీ దేనివల్ల పెరిగిందో తేలక చికిత్స ఆలస్యమవుతుంది.

ఇది చదివేవాళ్లలో మెలనోమాకి మాత్రలు వాడేవాళ్లు ఉంటే ఒక ముక్క: డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటలో నియమాలు వేరు. అక్కడ ముఖ్యం జ్వరం, సగానికి పైగా రోగుల్లో వస్తుంది. 100.4 తాకగానే రెండు మాత్రలూ ఆపి ఫోన్ చేయాలి, జ్వరం లేకుండా 24 గంటలు గడిచాక డాక్టర్‌ని అడిగి మళ్లీ మొదలుపెట్టాలి. వణుకు, బీపీ పడిపోవడం ఉంటే ఆసుపత్రికే. చూపు మసకబారితే అదే రోజు కంటి డాక్టర్‌కి, కాళ్లు వాచి ఆయాసం వస్తే ఎకోకి. ట్రామెటినిబ్ ఫ్రిజ్‌లో ఉండాలి. డాబ్రాఫెనిబ్ తిండికి గంట ముందు గానీ, రెండు గంటల తర్వాత గానీ.

తెనాలి_అమ్మాయి

ఫోన్ చేశామండీ. అంత దూరం ప్రయాణం వద్దు, గుంటూరులో పెద్ద ఆసుపత్రిలో చేర్చి అక్కడి డాక్టర్‌తో మాట్లాడించమన్నారు. కారు ఎక్కుతున్నాం. అక్కడ క్యాజువాలిటీలో ఏం చెప్పాలి? స్టెరాయిడ్ మాత్రలతో ఇంటికి పంపితే ఏం జాగ్రత్తలు?

డేకేర్_సిస్టర్

మంచి పని చేశారు. దారిలో ఓఆర్ఎస్ గుక్క గుక్కగా ఇవ్వండి. పాలు, కారం, పీచు ఉండేవి వద్దు.

క్యాజువాలిటీలో నోరు తెరవగానే మొదటి మాట ఇదే: "ఇపిలిముమాబ్, నివోలుమాబ్ ఇమ్యునోథెరపీ నడుస్తోంది, రెండో డోసు అయి 12 రోజులు, ఇమ్యూన్ కోలైటిస్ అనుమానం, మా ఆంకాలజిస్ట్ ఫోన్లో ఉన్నారు." అని ఫోన్ వాళ్ల చేతికివ్వండి. (ఇమ్యూన్ కోలైటిస్ అంటే ఈ మందుల వల్ల వచ్చే పేగు వాపు.) ఇదే వాక్యం ఒక కాగితం మీద రాసి, డిశ్చార్జి సమ్మరీ, ఆఖరి రక్తపరీక్షలు, వాడే మాత్రల స్ట్రిప్పులతో పాటు ఒక కవర్లో పెట్టండి. వయసు పైబడిన మనిషికి విరేచనాలు అనగానే గ్యాస్ట్రో అని సెలైన్, మెట్రోనిడజోల్ పెట్టి పొద్దున చూద్దాం అంటారు. ఆ మొదటి వాక్యం దాన్ని ఆపుతుంది.

ఇంటికి పంపాక ప్రెడ్నిసొలోన్ పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి, సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. తగ్గించడం 4 నుంచి 6 వారాల మీద, వారం వారం మెట్టు మెట్టుగా. మోషన్లు ఆగిపోయాయని మధ్యలో మానేస్తే వాపు తిరగబెడుతుంది, మొదటిసారికంటే మొండిగా ఉంటుంది. తగ్గించే వారాల్లో కూడా తలుపు వెనక గీతలు మానొద్దు. మోతాదు తగ్గించాక మామూలు లెక్క కంటే రెండు పెరిగినా ఫోన్ చేయండి.

రోజుకి 20 మి.గ్రా.కి పైగా నాలుగు వారాలు దాటేలా ఉంటే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమోక్సజోల్ కలుపుతారు, రాయకపోతే అడగండి. అది సల్ఫా మందు, సల్ఫా పడని మనిషైతే ముందే చెప్పాలి. గ్లూకోమీటర్‌తో మధ్యాహ్నం భోజనం తర్వాత షుగర్ చూస్తుండండి, పొద్దున వేసిన ప్రెడ్నిసొలోన్ షుగర్‌ని మధ్యాహ్నం, సాయంత్రమే ఎక్కువ పెంచుతుంది. పరగడుపు లెక్క బాగుందని మోసపోవచ్చు. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషికి పేగు చిల్లు పడినా నొప్పి, జ్వరం పెద్దగా కనిపించవు. కాబట్టి కడుపు ఉబ్బు, నాడి వేగం, ఒంటేలు తగ్గడం చూస్తుండండి.

చేర్చాక సోడియం, పొటాషియం, సీటీ రిపోర్టు రాగానే ఇక్కడ పెట్టండి.